పేగువాపు జబ్బుల్లో పులిసిన ఆహారం: చెంచాతో మొదలుపెట్టే పద్ధతి

రక్తవిరేచనాలు ఆగని రోజుల్లో, కడుపు మెలిపెడుతున్న రోజుల్లో కొత్త పదార్థం దేన్నీ మొదలుపెట్టకండి. పెరుగు, కెఫీర్ (బ్యాక్టీరియా, ఈస్టు ఉన్న గింజలతో పులియబెట్టిన పాలు), ఉప్పులో పులిసిన క్యాబేజీ, ఏదైనా సరే జబ్బు అదుపులోకి వచ్చి కనీసం ఒక నెల నిలకడగా ఉన్నాకే. వాపు మీదున్న పేగు తేడా చేస్తే అది తిండి వల్లో జబ్బు వల్లో ఎవరూ తేల్చలేరు. అయితే ఎప్పటినుంచో తింటున్న పెరుగు పడుతూ ఉంటే, జబ్బు తిరగబెట్టిందన్న భయంతో దాన్ని మానేయనక్కర్లేదు. స్టెరాయిడ్లు వాడేవారికి ఎముకలు గుల్లబారే ముప్పు ఉంటుంది. వాళ్లు కాల్షియం ఇచ్చే పదార్థాన్ని ఊరికే వదులుకోకూడదు.

ఇదంతా క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవారి కోసం. ఈ రెండు పేగువాపు జబ్బులనూ కలిపి ఐబీడీ అంటారు. పేరు దగ్గరగా ఉన్నా ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) వేరు, అందులో పేగుకు వాపూ పుండ్లూ ఉండవు. ఐబీఎస్ వాళ్లకు పనికొచ్చిన చిట్కా ఐబీడీలో బెడిసికొట్టవచ్చు.

ముందుగా ఒక తికమక తీర్చుకోవాలి

పులిసిన ప్రతిదీ ప్రోబయోటిక్ కాదు. తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు మనిషికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులనే ప్రోబయోటిక్ అనాలని 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి చెప్పాయి. అంటే ఏ జాతి, ఏ రకం, ఎంత మోతాదు, ఏ మేలు అన్నీ తెలిసి ఉండాలి. ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది కానీ అది ఐబీడీకి పరీక్షించిన రకం కాదు.

పరీక్షించిన రకాల సంగతి చూద్దాం. ఇ.కోలై నిస్లే 1917 అనే రకాన్ని అల్సరేటివ్ కొలైటిస్ అదుపులో ఉన్నవారికి ఇచ్చి, ఆ జబ్బుకు వాడే మందు మెసలజైన్‌తో పోల్చి చూసిన పరీక్ష 2004లో వెలువడింది. జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో రెండూ ఇంచుమించు సమానంగా నిలిచాయి. పెద్దపేగు తీసేసి చిన్నపేగుతో సంచి కట్టినవారికి ఆ సంచిలో వాపు వస్తుంటే, 8 రకాలు కలిపిన మిశ్రమానికి కొంత ఆధారం ఉంది. క్రోన్స్‌లో ప్రోబయోటిక్ ఏదీ గట్టిగా నిలబడలేదు. అమెరికన్ జీర్ణకోశ వైద్యుల సంఘం 2020 మార్గదర్శకాల్లో క్రోన్స్‌కైనా కొలైటిస్‌కైనా ప్రోబయోటిక్‌లను పరిశోధనల్లో భాగంగా తప్ప వాడవద్దని చెప్పింది, సంచివాపుకు మాత్రం ఆ 8 రకాల మిశ్రమాన్ని సూచించింది.

పులిసిన ఆహారం వాపును తగ్గిస్తుందంటూ చాలామంది చూపించేది 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం. పులిసిన పదార్థాలు ఎక్కువగా తిన్న బృందంలో పేగు సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపుకు సంబంధించిన 19 ప్రోటీన్లు తగ్గాయి. మంచి ఫలితమే. కానీ అందులో పాల్గొన్నది 36 మంది, అందరూ ఆరోగ్యవంతులు. పుండ్లుపడ్డ పేగుకు దాన్ని నేరుగా అన్వయించలేం. కాబట్టి పులిసిన ఆహారాన్ని ఆహారంగానే చూడండి. దాన్ని నమ్ముకుని మందు ఒక్క పూట మానినా నష్టం మీకే.

ఎవరు డాక్టరును అడగకుండా ముట్టకూడదు

పేగులో ఇరుకు ఉందని స్కానింగ్‌లో తేలినవారు పీచున్న పులిసిన కూరగాయలను ముక్కలుగా తినకూడదు. క్యాబేజీ తురుము ఇరుకు దగ్గర ఉండకట్టి అడ్డం పడుతుంది. పొట్టమీద స్టోమా (మలం బయటికి రావడానికి ఆపరేషన్‌తో చేసిన ద్వారం) ఉన్నవారికీ ఇదే జాగ్రత్త.

అజాథయోప్రిన్, మెథోట్రెక్సేట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడలిముమాబ్, టోఫాసిటినిబ్ లాంటివి, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు వాడేవారికి రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది. వీరు పచ్చిపాలతో చేసినదేదీ తీసుకోకూడదు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది, వీరికి దానివల్ల ప్రాణాంతక ఇన్ఫెక్షన్ రావచ్చు. పాశ్చరైజ్ చేసిన పాల పెరుగుకు ఈ ఇబ్బంది చాలా తక్కువ. తెల్లకణాలు బాగా పడిపోయినవారు, మెడ దగ్గరి పెద్ద రక్తనాళంలో గొట్టం ఉన్నవారు సజీవ సూక్ష్మజీవులున్న ప్రోబయోటిక్ మాత్రలకు కూడా దూరంగా ఉండాలి. ముఖ్యంగా సాకరోమైసెస్ బులార్డి అనే ఈస్ట్ పొడిని ఆ గొట్టం ఉన్న మనిషి పక్కన విప్పడం కూడా మంచిది కాదు. అది రక్తంలోకి చేరిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

పెరుగుతోనే మొదలుపెట్టండి

అన్నిటిలోకీ పేగుకు తేలికైనది, ఇంట్లో సురక్షితంగా చేసుకోగలిగినది, గాడితప్పితే వాసనతోనో రుచితోనో తెలిసిపోయేది పెరుగు. మామూలుగా తోడుపెట్టడం అందరికీ వచ్చు. ఐబీడీ ఉన్నవారికి రెండు మార్పులు కావాలి. ఒకటి, వేడిని కొలిచి చూసుకోవడం. రెండోది, పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ పడనివారి కోసం ఎక్కువసేపు పులియనివ్వడం. పాలలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 5 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. 6 నుంచి 8 గంటల్లో తోడుకున్న పెరుగులో అది కొంతే తగ్గుతుంది, 24 గంటలకు చాలావరకు ఖర్చవుతుంది.

కావలసినవి: పాశ్చరైజ్ చేసిన పాలు 1 లీటరు, తోడు 30 గ్రాములు (నిండుగా 2 పెద్ద చెంచాలు), వంటగది థర్మామీటర్, మూత ఉన్న గాజు పాత్ర. పాత్రను, చెంచాను 10 నిమిషాలు మరుగుతున్న నీటిలో ఉంచి, గుడ్డతో తుడవకుండా ఆరనివ్వాలి.

పాలను 85 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చి 10 నిమిషాలు ఆ వేడిలోనే ఉంచండి, అడుగంటకుండా తిప్పుతూ. ఇది సూక్ష్మజీవులను చంపడానికే అనుకుంటారు గానీ ఇంకో లాభం కూడా ఉంది. ఈ వేడికి తేటలో ఉండే ప్రోటీన్లు విడివడి పాలలోని ప్రధాన ప్రోటీన్ కేసీన్‌కు అంటుకుంటాయి, అందుకే పెరుగు గట్టిగా కడుతుంది, చిక్కబరిచే పొడులతో పని ఉండదు. తర్వాత 43 డిగ్రీలకు చల్లారనివ్వాలి. తోడును కాసిని గోరువెచ్చని పాలలో ఉండలు లేకుండా కలిపి, మిగతా పాలలో పోసి ఒక్కసారి నిదానంగా తిప్పి మూతపెట్టండి. 40 నుంచి 43 డిగ్రీల మధ్య 24 గంటలు కదపకుండా ఉంచాలి. పెరుగు చేసే యంత్రం ఉంటే హాయి. లేకపోతే లైటు వేసిన ఓవెన్‌లో గిన్నెడు నీళ్లు పెట్టి, వాటిలో థర్మామీటర్ ముంచి, ముందుగా ఒక గంటపాటు వేడి ఎక్కడ నిలుస్తుందో చూసుకోండి.

50 డిగ్రీలు దాటితే తోడు చచ్చిపోతుంది, పాలు పాలుగానే మిగులుతాయి. 35 కంటే తక్కువలో ఉంటే తోడుకోవడానికి మరీ ఆలస్యమై, తీగలు సాగుతూ జిగురుగా తయారవుతుంది. తోడు ఎక్కువ వేస్తే గట్టిపడుతుందన్నది అపోహ. తొందరగా పులిసి, ఇసుకలా రవ్వలు కట్టి, తేట విడిపోతుంది. 24 గంటల పెరుగు మీద కొంచెం లేతపసుపు తేట నిలవడం మామూలే. దాన్ని శుభ్రమైన పలుచటి గుడ్డలో వడకడితే ఇంకాస్త లాక్టోజ్ ఆ తేటతో పోతుంది. గులాబీ, నారింజ, ఆకుపచ్చ మచ్చలు కనిపిస్తే, ఈస్టులా కుళ్లులా వాసన వస్తే మొత్తం పారేయండి, పైపైన తీసేసి తినడం ఈ జబ్బులో పనికిరాదు.

తోడుకున్నాక 4 డిగ్రీల ఫ్రిజ్‌లో కనీసం 6 గంటలు ఉంచాలి. 7 రోజుల్లో వాడేయాలి. తీసే చెంచా ప్రతిసారీ శుభ్రంగా, పొడిగా ఉండాలి. పాత పెరుగునే తోడుగా నెలల తరబడి తిప్పుతుంటే బయటి బ్యాక్టీరియా, ఈస్టు మెల్లగా చేరతాయి. రోగనిరోధక మందులు వాడేవారు 3, 4 సార్లకొకసారి కొత్త డబ్బా విప్పి, దాంట్లోంచి తోడు తీసుకోవడం మేలు.

వేడి చేయకుండా తినడం వల్ల ఒక లాభం ఉంది. పెరుగులోని బ్యాక్టీరియా పేగులోకి వెళ్లాక కూడా లాక్టోజ్‌ను విడగొడుతుంది. గ్రాముకు కనీసం 10 కోట్ల సజీవ బ్యాక్టీరియా ఉన్న పెరుగు లాక్టోజ్ అరుగుదలకు సాయపడుతుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో ఒప్పుకుంది. పులిసిన ఆహారం గురించి ఇంత నిక్కచ్చిగా తేలిన విషయాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

24 గంటల పెరుగు గురించి వెతికితే ‘స్పెసిఫిక్ కార్బోహైడ్రేట్ డైట్’ అనే పద్ధతి తప్పకుండా ఎదురవుతుంది. ధాన్యాలు, చక్కెర చాలావరకు మాన్పించే కఠినమైన పథ్యం అది. 2021లో ప్రచురితమైన పరీక్షలో క్రోన్స్ ఉన్నవారికి దాన్ని, మెడిటరేనియన్ పద్ధతి భోజనాన్ని 6 వారాలు పెట్టి పోల్చారు. లక్షణాలు తగ్గినవారు ఈ కఠిన పథ్యంలో 46.5 శాతం, మెడిటరేనియన్ భోజనంలో 43.5 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ పెరుగు కావాలంటే చేసుకోండి, దానికోసం మొత్తం పథ్యం మీద వేసుకోకండి.

ఎంత, ఎలా పెంచాలి

మొదటి 3 రోజులు భోజనంతో పాటు ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు. తర్వాత 3 రోజులు రెండు చెంచాలు. ఆపైన ఒక పెద్ద చెంచా, ఇలా 3, 4 రోజులకొక మెట్టు చొప్పున పెంచుతూ నాలుగో వారానికి 100 గ్రాములకు చేరవచ్చు. అక్కడ ఆగి రెండు వారాలు అలాగే కొనసాగించాలి. ఈ వ్యవధిలో ఇంకేదీ కొత్తగా చేర్చకూడదు. ఓట్సు, పండ్లరసం, కొత్త విటమిన్ మాత్ర, ఏదీ కూడదు. రెండు మార్పులు ఒకేసారి జరిగితే దేనివల్ల ఏమైందో తెలియదు. ఖాళీ కడుపుతో కాకుండా తిండితో కలిపి తీసుకుంటే చాలామందికి ఉబ్బరం తక్కువ.

రోజూ ఒక నోటుపుస్తకంలో నాలుగు అంకెలు చాలు: విరేచనాలు ఎన్నిసార్లు, రక్తం ఉందా లేదా, నొప్పి పదికి ఎంత, రాత్రి లేవాల్సి వచ్చిందా. ఇలా రాసి పెట్టుకున్న కాగితం డాక్టరు దగ్గర ‘ఎందుకో పడలేదండీ’ అన్న మాటకంటే ఎంతో పనికొస్తుంది.

లక్షణాలను బట్టే పేగు లోపలి సంగతి తెలియదు. మొదలుపెట్టే ముందు ఒకసారి, 6 నుంచి 8 వారాల తర్వాత ఒకసారి మలంలో పేగువాపును సూచించే ప్రోటీన్ అయిన కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయించుకోండి. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే మామూలు, 250 దాటితే వాపు చురుగ్గా ఉందని అనుమానించాలి. మధ్యలో ఉంటే మళ్లీ చేయించడమే మార్గం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమాత్రలు కూడా ఈ అంకెను పెంచేస్తాయి. పరీక్షకు ముందు వాడారేమో గుర్తుచేసుకోండి, లేకపోతే నింద పెరుగు మీద పడుతుంది.

కెఫీర్

పెరుగు నెలరోజులు పడ్డాకే కెఫీర్. అరలీటరు పాలకు 15 గ్రాముల కెఫీర్ గింజలు వేసి, 20 నుంచి 22 డిగ్రీల దగ్గర 18 నుంచి 24 గంటలు ఉంచి ప్లాస్టిక్ లేదా స్టీలు జల్లెడలో వడకట్టాలి. ఇందులో బ్యాక్టీరియాతో పాటు ఈస్టు కూడా ఉంటుంది. అందుకే కొంచెం గ్యాసు, నామమాత్రంగా ఆల్కహాల్ పుడతాయి. మూత గట్టిగా బిగిస్తే సీసా పగలవచ్చు. గింజలను ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా శుభ్రమయ్యేవి కావు, కాబట్టి రోగనిరోధక శక్తి తగ్గించే మందులమీద ఉన్నవారికి ఇంటి గింజలకంటే పాశ్చరైజ్ చేసిన పాలతో చేసి అమ్మే సీసా నయం. మోతాదు 15 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి 100 దగ్గర ఆగితే చాలు.

క్యాబేజీ: ముక్కలకంటే ఊట

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. పీచు ఒక కారణమైతే, మరొకటి మానిటాల్ అనే చక్కెరలాంటి పదార్థం. పులిసే తొలిదశలో పనిచేసే ల్యూకోనోస్టాక్ బ్యాక్టీరియా క్యాబేజీలోని ఫ్రక్టోజ్‌ను మానిటాల్‌గా మారుస్తుంది. అది చిన్నపేగులో సరిగా ఇంకదు, పెద్దపేగులోకి చేరి నీటిని లాగుతుంది, గ్యాసు పుట్టిస్తుంది. ‘పులిస్తే అరుగుతుంది’ అన్న మాట క్యాబేజీ విషయంలో సగమే నిజం. అందుకే మొదట వడకట్టిన ఊటను మాత్రమే, అదీ 5 మిల్లీలీటర్లు, అన్నంలోనో సూపు చల్లారాకో కలుపుకోవాలి. మానిటాల్ ఊటలోనూ ఉంటుంది. చెంచా దాటకపోవడమే దానికి విరుగుడు.

పై ఆకులు, ముదురు కాడ తీసేశాక తూచిన క్యాబేజీ 1 కిలోకు ఉప్పు 20 గ్రాములు. చెంచాతో కొలవకండి, ఉప్పు గింజ సైజును బట్టి చెంచాకు పట్టే బరువు బాగా మారిపోతుంది. సన్నగా తరిగి, ఉప్పు చల్లి, 5 నుంచి 10 నిమిషాలు చేత్తో పిసకాలి. ఆకు మెత్తబడి, పిడికిట పట్టి నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీరు కారాలి. దాన్ని గాజు సీసాలో పొరలుపొరలుగా గాలి లేకుండా అదిమి, పైన ఒక ఆకు కప్పి, దానిమీద మరిగించిన గాజు బరువు పెట్టండి. నీరు ముక్కలకంటే 2 సెంటీమీటర్లు పైన నిలవాలి. చాలకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో 20 గ్రాముల ఉప్పు కరిగించి పోయాలి. సీసా నిండా నింపకండి, నాలుగోవంతు ఖాళీ ఉంచండి, నురగ పైకి వస్తుంది.

18 నుంచి 22 డిగ్రీల దగ్గర 3, 4 వారాలు. రెండోరోజుకో మూడోరోజుకో బుడగలు మొదలవుతాయి, రోజుకోసారి మూత వదులు చేసి గ్యాసు వదలాలి. వారం దాటాక బుడగలు తగ్గి పులుపు దిగుతుంది. 24 డిగ్రీలు దాటితే ముక్క మెత్తగా జావవుతుంది. ఉప్పు 1.5 శాతం కంటే తగ్గిస్తే చెడు బ్యాక్టీరియాకు చోటిచ్చినట్టే, 3 శాతం దాటితే పులియడం మందగిస్తుంది. ఉప్పు సమంగా కలవనిచోట ఈస్టు పెరిగి గులాబీరంగు వస్తుంది. అది పారేయాల్సినదే. పైన తెల్లటి ముడతల పొర కడితే ఆరోగ్యవంతులు తీసేసి తింటారు. రోగనిరోధక మందులు వాడేవారు సీసా మొత్తం వదిలేయాలి.

తినే ముందు పులుపు కొలిచే పీహెచ్ కాగితంతో చూడండి, 4 కంటే తక్కువ ఉండాలి. 4.6 పైన ఉంటే బొటులిజం విషం పుట్టే అవకాశం ఉంటుంది కాబట్టి ఊహతో సరిపెట్టకండి. ఉప్పు లెక్క కూడా మరవద్దు: 50 గ్రాముల ముక్కల్లో దాదాపు 1 గ్రాము ఉప్పు ఉంటుంది, పెద్దలకు రోజు మొత్తానికి 5 గ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్టెరాయిడ్లతో ముఖం, కాళ్లు ఉబ్బినవారికి ఈ ఒక్క గ్రామే బరువు.

కొనేటప్పుడు

వెనిగర్ పోసిన ఊరగాయ పులిసినది కాదు. అల్మారాలో గది వేడిమీద నిలవుండే క్యాబేజీ సీసా పాశ్చరైజ్ చేసినదే, అందులో సజీవంగా ఏమీ ఉండదు. పుల్లటి రొట్టెలోనూ కాల్చేటప్పుడు బ్యాక్టీరియా చస్తుంది, అయితే పిండి పులిసినప్పుడు గ్యాసు పుట్టించే ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు తగ్గుతాయి కాబట్టి మామూలు రొట్టెకంటే కొందరికి తేలిక. పెరుగు డబ్బా వెనక పదార్థాల జాబితా చదవండి. ఇనులిన్, చికోరీ వేరు కలిపి ఉంటే అది గ్యాసు సరుకు. ఆరోగ్యకరమని గొప్పగా రాసి మరీ అమ్ముతారు.

కొంబుచా (పులియబెట్టిన తీపి టీ) సంగతి ఒక్క మాటలో: వద్దు. పులుపు, చక్కెర, ఎంత ఉందో చెప్పలేని ఆల్కహాల్, సీసాకో రకం సూక్ష్మజీవులు. మెట్రోనిడజోల్, మెథోట్రెక్సేట్ వాడేవారికి మరీ వద్దు.

మందులతో కలిసేచోట

సంచివాపుకు, ఫిస్టులాకు (పేగు నుంచి పక్కకు ఏర్పడే అసహజ దారికి) తరచూ ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర పెరుగులోని కాల్షియంతో ముడిపడి రక్తంలోకి సరిగా ఎక్కదు. మాత్ర వేసుకున్నాక 2 గంటలు ఆగి పెరుగు తినండి. పెరుగు ముందే తింటే మాత్రకు 6 గంటల ఎడం ఉండాలి. ప్రోబయోటిక్ మాత్రనైతే యాంటీబయోటిక్‌కు కనీసం 2 గంటలు ఎడంగా వేసుకోవాలి, లేకపోతే వేసుకున్నది చంపించుకోవడానికే.

ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడలిముమాబ్ లాంటి బయోలాజిక్ ఇంజెక్షన్లకు ముందు దాగి ఉన్న క్షయకు పరీక్ష చేస్తారు. అది తేలితే నెలల తరబడి ఐసోనియాజిడ్ ఇస్తారు. ఆ మందు మీద ఉండగా పాతబడిన జున్ను, బాగా పులిసిన పదార్థాలు తింటే వాటిలోని టైరమిన్, హిస్టమిన్ అనే రసాయనాలు విరగక ముఖం ఎర్రబడటం, తలపోటు, గుండెదడ రావచ్చు. చాలామంది దాన్ని బయోలాజిక్ పడలేదనుకుని కంగారుపడతారు. తాజా పెరుగుతో ఈ ఇబ్బంది తక్కువ. క్యాబేజీ ఊటను, పాత జున్నును ఆ కోర్సు అయ్యేదాకా పక్కన పెట్టండి.

ఎప్పుడు వెనక్కి తగ్గాలి, ఎప్పుడు ఆపాలి

కొత్త మెట్టెక్కినప్పుడు 3, 4 రోజులు గ్యాసు, గుడగుడలు, మలం కొంచెం మెత్తబడటం సహజం. అంతకుమించి సాగితే ముందటి మోతాదుకు దిగి వారం ఆగండి. దిగినా తగ్గకపోతే ఆ పదార్థం ఇప్పటికి మీకు కాదు, రెండు నెలల తర్వాత మళ్లీ 5 గ్రాముల నుంచి చూడవచ్చు.

మలంలో రక్తం, జ్వరం, నొప్పితో రాత్రి మెలకువ వస్తే మోతాదు తగ్గించి చూద్దామని కూర్చోకండి. పులిసినది ఆపి, మందులు మాత్రం ఆపకుండా, డాక్టరుకు ఫోన్ చేయండి. రోజుకు 6 సార్లు అంతకుమించి రక్తవిరేచనాలు అవుతూ, జ్వరం 37.8 డిగ్రీలు దాటినా, నాడి నిమిషానికి 90 దాటినా అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. పొట్ట ఉబ్బి, వాంతులై, గ్యాసు కూడా పోవడం ఆగిపోతే పేగు మూసుకుపోయిందేమో చూడాలి. నోట్లో ఏమీ వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి, చివరి రెండు రోజుల్లో తిన్నదేమిటో ఆ నోటుపుస్తకంలో రాసి వెంట తీసుకెళ్లండి.